సీసా మీద చిన్న అక్షరాలు

తణుకు,
4 జూన్ 2025

చెల్లెలు సత్యలక్ష్మికి అన్నయ్య త్రినాథరావు ఆశీస్సులు.

ఈ రోజుల్లో ఉత్తరాలేంటని నీ డ్రైవరు నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ముప్పై ఏళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా మిల్లుల హోరులో బతికిన చెవులు నావి. ఫోన్లో నువ్వు మాట్లాడితే గానుగలో గరిటె పడ్డట్టు ఉంటుంది. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి కొన్నాను కానీ, పెట్టుకుంటే జనం మాట్లాడేదంతా వినబడుతోంది. అంత అవసరం లేదనిపించి తీసేశాను.

అసలు సంగతికి వస్తాను. మీ వదిన భువనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా నమిలేసే మనిషి, ఇప్పుడు పక్కింటి గీతిక చేత కథలు చదివించుకుంటోంది. ఆ పిల్ల మధ్యలో పేజీలు ఎగ్గొడుతోందని ఈవిడ అనుమానం. వాకిట్లో ముగ్గు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆపరేషన్ మీ ఇంటికి దగ్గర్లో ఉన్న కంటి ఆసుపత్రిలో చేయిద్దామని నా ఆలోచన.

డాక్టరు ఒక మెలిక పెట్టాడు. ఆవిడకి షుగరు ఎక్కువగా ఉంది, అది దిగితేనే కంటి మీద చెయ్యి వేస్తాడట. అది నాకు వదిలెయ్యి. ఊళ్ళకి ఊళ్ళకే సరిపడా చక్కెర నా చేతుల మీదుగా వెళ్ళింది, ఒక్క మనిషి ఒంట్లో ఉన్నది దించలేనా? ఇంట్లో పంచదార, బెల్లం, తేనె అన్నీ పంచిపెట్టేశాను. ఎవరి పెళ్ళికి వెళ్ళినా ఆవిడ ఆకులో స్వీటు నేనే ఎత్తేస్తున్నాను.

రెండో బెడద నిద్ర. రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంది, నన్నూ పడుకోనివ్వదు. మీ జూబ్లీహిల్స్‌లో ఎవరికీ నిద్ర పట్టదనీ, దానికోసం రకరకాలవి మింగుతారనీ టీవీలో చూశాను. పనికొచ్చేది ఏదైనా ఉంటే మన బాబాయి కొడుకు వరప్రసాద్ వ్యాపారం పనిమీద అటు వస్తాడు కదా, వాడి చేతికివ్వు. ఉపన్యాసం అక్కర్లేదు, మందు చాలు.

నీ అన్నయ్య,
త్రినాథరావు


ఫిల్మ్ నగర్, హైదరాబాద్
11 జూన్ 2025

అన్నయ్యకి నమస్కారాలు.

ఉపన్యాసం వద్దంటూనే మూడు పేజీలు నువ్వు ఇచ్చావు. పోన్లే, ఇంట్లో ఎవరూ వినకపోతే చెల్లెలికి రాసుకోవాల్సిందే కదా.

వరప్రసాద్ చేతికి రెండు సీసాలు ఇచ్చాను. నిద్రమ్మ గమ్మీలు. జెల్లీ బిళ్ళల్లాగా మెత్తగా ఉంటాయి, పడుకోబోయే ముందు రెండు నమిలితే నిద్ర వస్తుంది. ఇప్పుడు ఇక్కడ ఇవే రివాజు. ఫిల్మ్ నగర్‌లో ఏ ప్రొడక్షన్ ఆఫీసుకి వెళ్ళినా టేబుల్ మీద మిఠాయి పళ్ళెంలో పోసి ఉంచుతున్నారు. పనిమనిషి బాలమణి కూడా రుచి చూసి, "అమ్మా, మస్తున్నయి. జర ఒక డబ్బా ఇయ్యరాదు, మా రహమత్ నగర్‌ల పంచుతా" అని పట్టుకుపోయింది.

ఇంకో సంగతి. ఈ గమ్మీల ప్రకటనకి గొంతు నాదే. టీవీలో తెల్లచీర కట్టుకుని కనబడే అమ్మమ్మ ఎవరో ముంబై ఆవిడ, పెదాలు మాత్రమే ఆవిడవి. ఒకప్పుడు ఎంతమంది హీరోయిన్లు నా గొంతుతో ప్రేమించారో, ఏడ్చారో నీకు తెలుసు. ఇప్పుడు నా గొంతుకి మిగిలింది అమ్మలూ అత్తలూ అమ్మమ్మలూ. దానికీ ఈ మధ్య పిలిచేవాళ్ళు తగ్గారు, అందుకే ఒప్పుకున్నాను.

దీనికి దర్శకుడు నిఖిల్ అని ఒక కుర్రాడు. గాజు గదిలోంచి మైకులో అంటాడు: "మేడమ్, సూపర్. బట్ ఇంకొంచెం వార్మ్‌గా కావాలి. అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఫీల్ రావాలి." వాడు పుట్టకముందు నుంచీ నేను డబ్బింగ్ చెబుతున్నాను. వాడు నాకు ఫీల్ నేర్పుతాడు! చివరికి నేను చెప్పిన మాటలు ఇవి: "చేదు మాత్రలెందుకు తల్లీ? అమ్మమ్మ మాట విను. రెండు నోట్లో వేసుకో, భయం లేదు." చెప్పడం అయ్యాక, ఇందులో చక్కెర సంగతేంటి బాబూ అని అడిగాను. "నేచురల్ కేన్ షుగర్ మేడమ్, నో ఇష్యూ" అని ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

వదినకి చెప్పు, టీవీలో నన్ను వినమని. గొంతు గుర్తుపడుతుందో లేదో చూద్దాం.

ఇట్లు,
నీ చెల్లెలు సత్యలక్ష్మి


తణుకు,
20 జూన్ 2025

సత్యలక్ష్మికి,

నీ సీసాలు అందాయి. మందు పంపమంటే తిరణాలలో అమ్మే రంగు బిళ్ళలు పంపినందుకు సంతోషం.

నేను భూతద్దం పెట్టి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివాను. నువ్వు చదవలేదని నాకు తెలుసు, నీకు సినిమా పోస్టరంత అక్షరాలైతేనే కనబడతాయి. పదార్థాల పేర్లు బరువు ప్రకారం రాయాలి, ఏది ఎక్కువ ఉంటే అది ముందు. మొదటి పేరు చక్కెర. రెండోది గ్లూకోజ్ సిరప్, అంటే అదీ చక్కెరే, వేషం మార్చుకుని వచ్చింది. ఆ తర్వాత జిగురు, పులుపు, రంగు, మామిడిపండు వాసన. వీళ్ళందరూ భోజనానికి కూర్చున్నాక ఆఖరి పంక్తిలో నిద్ర తెప్పించే పదార్థం, మెలటోనిన్. ఆవగింజంత కూడా లేదు.

ఆ ఆవగింజ మోయడానికి ఇంత బెల్లం బండి ఎందుకమ్మా? పాకం పట్టకపోతే ఆ జెల్లీ నిలబడదు, చక్కెర లేకపోతే ఎవడూ రెండోది తినడు, అదీ కిటుకు. మాత్రలో కూడా అదే ఆవగింజ ఉంటుంది, బండి ఉండదు. నీళ్ళతో మింగితే పని అయిపోతుంది. చుక్కల మందుంది, పొడి ఉంది, నాలుక కింద పెట్టుకునేది ఉంది. ఇన్ని దారులుండగా మీ జూబ్లీహిల్స్ జనం మిఠాయి దుకాణం దారే పట్టారు. పైగా పళ్ళు తోముకున్నాక నమిలి, ఆ పాకం పళ్ళకి పట్టించుకుని తెల్లవార్లూ పడుకోవడం. పళ్ళ డాక్టర్లు మీకు గుడి కట్టిస్తారు.

ఇక్కడ మన డాక్టరుని అడిగి తెల్లటి మాత్రలు తెచ్చాను. రోజూ రాత్రి భువన అరచేతిలో నేనే పెడుతున్నాను. నీ సీసాలు మాత్రం పారేయలేదు. మందుల అలమారలో పై అరలో పెట్టాను. ఇంటికొచ్చిన వాళ్ళకి చూపించి, మనిషి తెలివితక్కువతనానికి ఇది నమూనా అని చెబుతున్నాను. మొన్న మా పాత సూపర్వైజరు చూసి పది నిమిషాలు నవ్వాడు.

నీ గొంతు టీవీలో వచ్చింది. నాకు గోలగా వినబడింది. భువన మాత్రం వత్తులు చేస్తున్నదల్లా ఆపి వింది.

త్రినాథరావు


ఫిల్మ్ నగర్,
2 జూలై 2025

అన్నయ్యకి,

నేను ఎంతో ప్రేమగా పంపినదాన్ని అలమారలో బొమ్మల కొలువు పెట్టావన్నమాట. మీ సూపర్వైజరు నవ్వినందుకు నా తరఫున థాంక్స్ చెప్పు. నీతో మాట్లాడి నవ్వగలిగిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

చక్కెర ఉంటే ఏం? రెండు బిళ్ళల్లో ఎంత ఉంటుందని? ఒక్క చెంచా ఉండదు. దానికి నువ్వు భూతద్దం, ఉపన్యాసం, తిరణాల. ముప్పై ఏళ్ళు ఊరందరి చేతా చక్కెర తినిపించి జీతం తీసుకున్నవాడివి, ఇప్పుడు దాన్ని చూస్తే నీకు పాముని చూసినట్టు ఉంటుంది. నాకు నవ్వొస్తోంది.

నిన్న వదినతో ఫోన్లో మాట్లాడాను. ఎప్పటిలాగే సీరియళ్ళ గురించే. ఆ మేనత్త పాత్ర చచ్చిపోతుందా లేదా అని అడిగింది, నేనే గొంతిస్తున్నా చెప్పకూడదని చెప్పలేదు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "సత్యా, నీ బిళ్ళలు చాలా బాగున్నాయే" అంది. చూశావా? నీ ముందు ఆ మాట అనే ధైర్యం లేక, పాపం, వంటింట్లోకి వెళ్ళి అంది.

కంపెనీ వాళ్ళు గొంతిచ్చినందుకు పెట్టెలకి పెట్టెలు పంపారు, స్టోర్ రూములో కాలు పెట్టడానికి లేదు. అందుకని వరప్రసాద్‌తో ఇంకో నాలుగు సీసాలు పంపిస్తున్నాను. జామపండు, నేరేడు కూడా ఉన్నాయి. నీ కొలువుకి నిండుతనం వస్తుంది.

సత్యలక్ష్మి


తణుకు,
24 జూలై 2025

సత్యలక్ష్మికి,

మీ వదిన ఎవరి మనసూ నొప్పించదు. నువ్వు గడ్డి పంపినా బాగుందనే అంటుంది. ఆ మాట పట్టుకుని ఊరేగకు.

నీ నాలుగు సీసాలూ వచ్చాయి. ఇకమీద నీ పార్సిళ్ళు నేను విప్పను. వచ్చినవి వచ్చినట్టే పై అరలోకి పంపించేస్తున్నాను.

ఇప్పుడు మాత్ర సంగతి విను. భువన హాయిగా నిద్రపోతోంది. రాత్రే కాదు, మధ్యాహ్నం కూడా కునుకు తీస్తోంది. నేను భోజనానికి పిలిస్తే రెండు మూడుసార్లు పిలవాల్సి వస్తోంది. అదీ చక్కెర లేని మాత్ర మహిమ. నీ అమ్మమ్మకి చెప్పు.

మనసుకి కష్టమైన సంగతి ఒకటుంది. షుగరు దిగలేదు, పైగా ఎక్కింది. ఆపరేషన్ వాయిదా వేశారు. నాకు మతి పోతోంది. అన్నం మానిపించి కొర్రలు పెట్టాను. అరటిపండు మానిపించాను. గుళ్ళో ప్రసాదం కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను, ఇచ్చేస్తోంది. శనివారాలు ఉపవాసం కూడా పెట్టుకుంది, ఆ రోజు మందులు తప్ప ఏమీ ముట్టదు. మందుకి దోషం లేదు కదా అంటుంది. ఇంత నిష్ఠగా ఉన్న మనిషి ఒంట్లోకి చక్కెర ఎక్కడినుంచి వస్తోందో నాలాంటి కెమిస్టుకే అంతు పట్టడం లేదు. ఈ డాక్టర్ల మిషన్లు నమ్మడానికి లేదు, ఫ్యాక్టరీలో అయితే అలాంటి మిషన్‌ని నేను బయట పారేయించేవాణ్ణి.

కుడికన్ను దాదాపు పోయింది. నిన్న వీధిలోంచి వస్తున్న నన్ను చూసి "ఎవరండీ, ఆయన ఇంట్లో లేరు" అంది. నాకు భయం వేసింది, అది నీకే రాస్తున్నాను.

పెరట్లో జాజి కూడా ఈ ఏడు మొగ్గ తొడగలేదు. ఎరువు మార్చాలి.

నువ్వు రోజుకి ఎన్ని తింటున్నావో రాయి. నీ షుగరు కూడా చూపించుకో.

త్రినాథరావు


ఫిల్మ్ నగర్,
3 ఆగస్టు 2025

అన్నయ్యకి,

వీధిలో నిన్ను గుర్తుపట్టలేదన్న ముక్క చదివి నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత జాజి మొక్క ముక్క చదివి కోపమొచ్చింది. మనిషి చూపు పోతుంటే నీకు మొక్క ఎరువు గుర్తొచ్చింది!

చక్కెర ఎక్కడినుంచి వస్తోందా? నీ పస్తుల నుంచే. అన్నం లేదు, పండు లేదు, ప్రసాదం లేదు, పొద్దస్తమానం పక్కనే నిలబడి నీ లెక్చరు. ఆ బెంగకే ఎక్కుతోంది. మా సీరియల్లో అత్తగారు కూడా కోడల్ని ఇంత కాల్చుకు తినదు. నిన్ను చూసి రచయితలు నేర్చుకోవాలి.

నేను ఎన్ని తింటున్నానని అడిగావు. నేను ఎందుకు తింటాను? పళ్ళకి అంటుకుంటుంది. ముందు పన్ను ఒక్కటి పుచ్చిందంటే మైకులో నా 'స' ఈల వేస్తుంది, ఆ రోజుతో నా పని సరి. నేను నాలుక కింద కరిగే చిన్న మాత్ర వేసుకుంటాను, తీపి ఉండదు. ఇక్కడ గొంతు మీద బతికే వాళ్ళందరూ అంతే. గమ్మీలు జనానికి. ఇది చదివి నువ్వు విరగబడి నవ్వుతావని తెలుసు, నవ్వుకో.

వదినని ఇక్కడికి తీసుకురా. నా దగ్గర పెట్టుకుని, కడుపు నిండా తిండి పెట్టి, షుగరు దించి చూపిస్తాను. నువ్వు దింపి వెళ్ళిపో. మీ ఇద్దరినీ కలిపి భరించే ఓపిక నాకు లేదు.

సత్యలక్ష్మి


తణుకు,
22 ఆగస్టు 2025

సత్యలక్ష్మికి,

భువనని దింపి వచ్చాక ఇది రాస్తున్నాను. అక్కడి ఆసుపత్రిలో కూడా షుగరు చూసి వెనక్కి పంపేశారు కాబట్టి మా ఊరి మిషను తప్పు లేదని ఒప్పుకుంటున్నాను. మీ డాక్టరు ఒక్క ముక్క అన్నాడు, ఇంకా ఆలస్యం చేస్తే శుక్లం మరీ గట్టిపడి తీయడం కష్టమవుతుందని. అది ఆవిడకి చెప్పకు.

కొర్రలు మూట కట్టి ఇచ్చాను. కాఫీలో చక్కెర వెయ్యకు. మాత్ర రాత్రి భోజనం అయిన అరగంటకి. నువ్వు స్వయంగా అరచేతిలో పెట్టు.

దారిలో నీ డ్రైవరు ఓంప్రకాష్ నాతో, "సార్, గీ ఉత్తరాలు ఏసేటందుకు చెక్‌పోస్ట్ కాడ ట్రాఫిక్‌ల సచ్చిపోతున్న, జర వాట్సాప్ నేర్సుకోరాదు" అన్నాడు. మిషను పెట్టుకుని ఉన్నాను కనుక వినబడింది. అందుకే ఆ మిషను పెట్టుకోనన్నది.

నీది ఒకటి మెచ్చుకుంటున్నాను. ఊరందరికీ చక్కెర బిళ్ళలు అమ్మి, నువ్వు మాత్రం మాత్ర వేసుకుంటున్నావు. మా ఫ్యాక్టరీ యజమాని కూడా ఇంట్లో చక్కెర తినేవాడు కాదు.

త్రినాథరావు


ఫిల్మ్ నగర్,
2 సెప్టెంబర్ 2025

అన్నయ్యకి,

కూర్చుని చదువు.

ఈ రోజు రికార్డింగ్ రద్దయింది, పొద్దున్నే ఇంట్లోనే ఉన్నాను. వదిన స్టోర్ రూములో గమ్మీల పెట్టెల మధ్య ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఒక చేతిలో చక్కెర లేని కాఫీ, ఇంకో చేతిలో నిద్రమ్మ సీసా. కాఫీ ఒక గుక్క తాగుతుంది, ఒక గమ్మీ నంజుకుంటుంది. మళ్ళీ ఒక గుక్క, మళ్ళీ ఒకటి. నేను తలుపు దగ్గర నిలబడ్డా నీడ ఏదో కదిలినట్టే ఉంది ఆవిడకి. "బాలమణీ, ఆ పెట్టెలో జామపండువి ఉన్నాయేమో చూడమ్మా" అంది.

బాలమణిని నిలదీశాను. "నాకేం ఎర్కమ్మా? పెద్దమ్మ వచ్చినకాడికెల్లి తింటనే ఉంది. మందు అన్నది, ఇచ్చిన" అంది.

వదిన ఏమీ దాచలేదు. తణుకులో ఉన్నప్పుడూ తిన్నానంది. నువ్వు విప్పకుండా పై అరలో పెట్టిన పార్సిళ్ళన్నీ విప్పినవేనట. కాఫీతో తింది, కొర్రల తర్వాత తింది, శనివారం ఉపవాసం నాడు మందుకి దోషం లేదని గుప్పెళ్ళతో తింది. నువ్వు నమూనా అని అందరికీ చూపించినవి చాలావరకు ఖాళీ సీసాలు, అన్నయ్యా. అందుకే మధ్యాహ్నాలు కూడా నిద్ర.

వదినా, షుగరు ఉన్నదానివి ఎలా తిన్నావు అని అరిచాను. నా వైపు తిరిగి, చూపు సరిగ్గా నా మొహం మీద పడకపోయినా, చాలా మామూలుగా అంది: "నువ్వే చెప్పావు కదే. రెండు నోట్లో వేసుకో తల్లీ, భయం లేదని. టీవీ పెడితే రోజూ చెబుతావు."

నిఖిల్‌కి కావలసిన ఫీల్ బాగానే వచ్చిందన్నమాట.

అయినా ఒక్కటి అడుగుతాను. ఇంట్లో ఒక్క తీపి ముక్క లేకుండా చేసింది ఎవరు? ఆకులో స్వీటు ఎత్తేసింది ఎవరు? నోరు కట్టేస్తే మనిషి ఏదో ఒకటి వెతుక్కుంటుంది. నువ్వు అంత కరువు పెట్టకపోతే ఆవిడకి నా బిళ్ళలతో పని ఏముంది?

పెట్టెలన్నీ వీధి చివర చెత్త బండిలో వేయించాను. రెండు మూడు సీసాలు ఎక్కడో మిగిలి ఉంటాయి. డాక్టరుకి అంతా చెప్పాను. ఇది ఆపేస్తే దిగుతుందనే అంటున్నాడు.

సత్యలక్ష్మి


తణుకు,
8 సెప్టెంబర్ 2025

సత్యలక్ష్మికి,

అలమారలో ఉన్నవన్నీ దించి చూశాను. నువ్వు రాసింది నిజమే.

అయితే తప్పు నా మీదకి తోయకు. జూన్ ఇరవైన నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటుంది, తీసి చదువు. మొదటి పేరు చక్కెర, రెండో పేరూ చక్కెరే అని స్పష్టంగా రాశాను. తిరణాల బిళ్ళలన్నాను, బెల్లం బండి అన్నాను. ఇంతకంటే ఎవరైనా ఏం హెచ్చరిస్తారు? అది చదివి నాలుగు సీసాలు పంపింది నువ్వు. టీవీలో భయం లేదన్నది నువ్వు. తినకుండా పళ్ళు దాచుకున్నదీ నువ్వే.

నా మాత్రల మీద నింద రాకూడదు. ఆవిడ రోజూ అవి వేసుకుంది, నా కళ్ళ ముందు నీళ్ళు తాగింది.

ఆపరేషన్ రోజు తెలియగానే రాయి, వస్తాను.

త్రినాథరావు


శ్రీనగర్ కాలనీ, హైదరాబాద్
16 అక్టోబర్ 2025

శ్రీవారికి, సత్యకి,

మీ ఇద్దరికీ ఒకటే ఉత్తరం. కింద షాపులో జిరాక్స్ తీయించాను. అసలుది ఎవరికి వచ్చింది, నకలు ఎవరికి వచ్చిందని మీరు మళ్ళీ ఒక నెల రాసుకుంటారని తెలుసు, రాసుకోండి.

నేను మా శారదాదేవి పిన్ని ఇంట్లో ఉన్నాను. సత్యా, నువ్వు స్టూడియోలో ఉండగా బాలమణికి చెప్పి ఆటో ఎక్కాను. ఆటో అతను నల్ల కళ్ళద్దాలు చూసి, "కన్ను ఆపరేషన్ అయిందా పెద్దమ్మా? జర మెల్లగ తీస్కపోతా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఈ అయిదు నెలల్లో నన్ను నా కంటి గురించి అడిగి, నా జవాబు విన్నది అతనే.

కుడికన్ను బాగుంది. షుగరు దిగాక ఆపరేషన్ చేశారు, మీరిద్దరూ వరండాలో పోట్లాడుకుంటుండగా అయిపోయింది. మొన్న చదువుకునే అద్దాలు ఇచ్చారు. పెట్టుకోగానే సత్య ఇంట్లో మిగిలిన సీసా ఒకటి తీసి, కిటికీ దగ్గర వెనక్కి తిప్పాను. చాలా చిన్న అక్షరాలు. అన్నీ చదివాను. మొదటి పేరు చక్కెర.

ఆ తర్వాత చదివింది మీ ఉత్తరాలు. సత్యా, ఆయన రాసినవన్నీ నీ టేబుల్ సొరుగులో ఉన్నాయి, నువ్వు రాసిన వాటికి నకళ్ళు కూడా ఉంచుకున్నావు. నీకు నీ మాటలంటే అంత ఇష్టం. మొత్తం చదివాను. పేజీ ఎగ్గొట్టలేదు.

చాలా బాగా రాస్తారు ఇద్దరూ. బెల్లం బండి అన్న చోట నాకూ నవ్వొచ్చింది. అయితే ఏమండీ, జూన్ నెలలో మీరు భూతద్దం పెట్టి చదివినప్పుడు నేను ఆ గదిలోనే వత్తులు చేసుకుంటున్నాను. చదివింది నాలుగొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చెల్లెలికి రాశారు. ఇంటికొచ్చిన సూపర్వైజరుకి చెప్పారు. మూడు అడుగుల దూరంలో ఉన్న నాకు చెప్పలేదు. నాకు షుగరు, నాకు కళ్ళు కనబడవు, సీసా ఉన్నది నా మందుల పక్కన. హెచ్చరించానని ఇప్పుడు తేదీతో సహా రాస్తున్నారు. ఎవరిని హెచ్చరించారు?

సత్యా, ఆ ఉత్తరం అందాక నువ్వు నాతో ఎన్నోసార్లు ఫోన్లో మాట్లాడావు. బిళ్ళలు బాగున్నాయే అని నేనే అన్నాను. ఎన్ని తింటున్నావు వదినా అని ఒక్కమాట అడగాల్సింది. నువ్వు ఆ మాట మోసుకెళ్ళి మీ అన్నయ్య మొహాన కొట్టావు. తర్వాత మేనత్త పాత్ర గురించి మాట్లాడుకున్నాం.

తిన్నది నేనే, ఎవరి మీదా తోయను. తీపి అని తెలిసే తిన్నాను. మా అమ్మ లేహ్యం తేనెలో కలిపి నాకించేది, మందులో తీపి మందే అనుకున్నాను. ఇంట్లో తియ్యగా నాకు మిగిలింది అదొక్కటే. దానికి తోడు నాకు తెలిసిన గొంతు భయం లేదని చెప్పింది. నమ్మాను. కళ్ళు లేనప్పుడు మనిషి గొంతులనే నమ్ముతుంది.

ఏమండీ, మీ తెల్ల మాత్ర సంగతి కూడా చెప్పేస్తాను. మొదటి రెండు రోజులు మింగాను, గొంతులో అడ్డం పడింది. మిగతావన్నీ మీ కళ్ళ ముందు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, పెరట్లోకి వెళ్ళి జాజి మొదట్లో ఊశాను. ఎరువు మార్చకండి. దానికి నిద్ర తీరాక అదే పూస్తుంది.

ఎడమకన్ను వచ్చే నెల. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. పిన్ని ఇంట్లో డాక్టరు చెప్పినట్టు లెక్కగా అన్నం పెడుతున్నారు. ఏది తినకూడదో నాతోనే చెబుతున్నారు, వింటున్నాను. పొద్దున కాఫీ చక్కెర లేకుండానే తాగుతున్నాను, నంజుకోవడానికి ఏమీ లేదు. అలవాటవుతోంది.

మీరిద్దరూ రాసుకోవడం మానొద్దు, మీకు వేరే కాలక్షేపం లేదు. కానీ ఇకమీద నా గురించి రాయాల్సింది ఏదైనా ఉంటే కవరు మీద నా పేరు రాయండి. నేను చదువుకోగలను.

భువన